వినేవాళ్లకు చెప్పేవాడు లోకువ

నేను కామారెడ్డిలో ఒక హైస్కూల్లో లెక్కల సారును. క్లాసులో అడుగు పెడితే పిల్లలంతా లేచి నిలబడతారు. ఇంట్లో అడుగు పెడితే సోఫా మీద పడుకున్న మా కొడుకు కాళ్లు కూడా ముడుచుకోడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అన్న సామెతను పుట్టించినవాడు నా లెక్క ప్రకారం పంతులే అయి ఉంటాడు. కూర ఏం వండాలో మా ఇంటామె తేలుస్తుంది. టీవీలో ఏం రావాలో బిడ్డ తేలుస్తుంది. దసరాకు ఎల్లారెడ్డి పోవాలా వద్దా అన్నది ఎల్లారెడ్డిలో కూర్చుని మా అత్తమ్మ తేలుస్తుంది. నాకు మిగిలిన అధికారం కరెంటు బిల్లు కట్టడం. ఈ మధ్య అదీ కొడుకే ఫోన్లో కడుతున్నాడు, నా ఖాతాలోంచి.

ఇలాంటివాడికి ఒక ఆట సంగతి తెలిసింది. ఆ ఆటలో ఒక్కడు కూర్చుని లోకమంతా నడుపుతాడు. వాన పడాలంటే వాడు చెప్పాలి. తలుపు తెరుచుకోవాలంటే వాడు ఒప్పుకోవాలి. చెట్టు వెనకాల పులి ఉందో మేక ఉందో వాడికే తెలుసు. మిగతావాళ్లు అడిగి తెలుసుకోవాలి. ఆ ఒక్కడు నేనే కావచ్చునని తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేశారు. 1974 జనవరిలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో గైగాక్స్ ఉండే లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి అచ్చు వేశారు. మూడు పల్చటి పుస్తకాలున్న పెట్టెలు మొదటి విడతలో వెయ్యి. పచ్చీసుకూ వైకుంఠపాళికీ ఉన్నట్టు దీనికి పటం ఉండి తీరాలని లేదు, గెలిచేవాడంటూ ఉండడు. ఆడేవాళ్లు తలా ఒక పాత్ర అవుతారు, ఒకరు యోధుడు, ఒకరు దొంగ, ఒకరు మంత్రగాడు. "నేను బావిలోకి తొంగి చూస్తా" అని ఆటగాడు అంటే, బావిలో ఏముందో చెప్పేవాడు గేమ్ మాస్టర్. పని కష్టమైనదైతే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. మా కొడుకు ఏదో ఇంగ్లీషు సీరియల్లో పిల్లలు బేస్‌మెంట్లో కూర్చుని ఇది ఆడటం చూసి, మనమూ ఆడదామని వెంటపడ్డాడు. మా ఇంటికి బేస్‌మెంట్ లేదు. మేడ మీద నీళ్ల ట్యాంకు పక్కన రేకుల గది ఉంది. అందులో విరిగిన కుర్చీలు, దీపావళికి తప్ప దిగని సీరియల్ బల్బులు, మా పెళ్లికి ఎల్లారెడ్డి నుంచి సామాన్లతో వచ్చిన అద్దాల బీరువా ఉంటాయి. ఆ బీరువాను గుర్తు పెట్టుకోండి.

నేను వెంటనే రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాను. కథ రాశాను. దోమకొండ గడికోట నేలమాళిగలో కాలదండుడనే మాంత్రికుడు వానలను కుండల్లో బంధించి దాచిపెట్టాడు. మూడు తాళంచెవులు వెతికి, వాణ్ణి చంపి, కుండలు పగలగొట్టాలి. కోట ఎంచుకోవడంలో నా తెలివి చూడండి. 2022లో యునెస్కో వాళ్లు ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారం ఇచ్చిన కోట, కామారెడ్డి పక్కనే ఉంది, ఆటగాళ్లందరూ చూసిందే. గది గదికీ వర్ణన రాశాను. కాలదండుడు చచ్చే ముందు మాట్లాడే మాటలు ఒకటిన్నర పేజీ. ఇంకో పని కూడా చేశాను, చెప్పడానికి సిగ్గుగానే ఉంది: ఆటగాళ్లు ఏమంటారో కూడా రాసిపెట్టుకున్నాను. "ఆహా, ఎంత భయంకరమైన కోట!" అని మా బామ్మర్ది అనాలి. నోట్‌బుక్‌లో ఆ మాట కింద ఎర్రగీత కూడా ఉంది.

ఆటకు దిగింది ఐదుగురు. మా ఇంటామె, ఎనిమిది చదివే బిడ్డ, ఐదు చదివే కొడుకు, ఆదివారం కోడికూర కోసం వచ్చిన బామ్మర్ది, అతనితో వచ్చిన అత్తమ్మ. అత్తమ్మ ఆడతానంటే మొదట నవ్వుకున్నాను. అప్పటికి నాకు తెలివి ఇంకా రాలేదు.

మొదటి దృశ్యం సత్రం. బయట హోరుగాలి. తలుపు తోసుకుని ఒక వార్తాహరుడు వస్తాడు, వీపులో బాణం. రాగిరేకు చేతిలో పెట్టి ప్రాణం విడుస్తాడు. గొంతు బాగా వణికించి చెప్పాను. రాగిరేకు మీద ఏముందని వాళ్లు అడగాలి. నోట్‌బుక్‌లో అట్లాగే ఉంది.

"సచ్చిపోయిండా?" అంది అత్తమ్మ. "పాపం, ఎవల పిలగాడు?"

"వార్తాహరుడు అత్తమ్మా. ఆయన చేతిలో రాగిరేకు..."

"పేరేంది?"

పేరు పెట్టలేదు. ఆరు వాక్యాల తర్వాత చచ్చేవాడికి పేరెందుకని పెట్టలేదు. "పేరు తెలియదు" అన్నాను.

"పేరు లేనోడు ఉంటడా అల్లుడా? ఏ ఊరోడో, ఇంటికాడ ఎవలున్నరో. కబురు చెయ్యద్దా?"

అంతే. రాగిరేకును ఎవరూ ముట్టుకోలేదు. మా ఇంటామె శవం మీద బట్ట కప్పింది. బిడ్డ అతని సంచి వెతుకుతానంది. పాచిక వేస్తే పద్దెనిమిది పడింది, సంచిలో ఏదో ఒకటి దొరకక తప్పదు. బిత్తరపోయి "ఒక చిన్నపిల్ల చెప్పుల జత" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. దాంతో వార్తాహరుడికి ఒక కూతురు పుట్టింది. ఆ పిల్లను వెతుక్కుంటూ ఊరూరా తిరిగి, ఊరు కనుక్కుని, దహనం చేసి, దినాలు కూడా చేశారు. దినాల నాడు ఊరందరికీ పాయసం వండాలంటే బెల్లం కావాలి. బెల్లం ధర ఎంతని బామ్మర్ది అడిగాడు. నోటికొచ్చిన అంకె చెప్పాను.

అతను ఎగిరి కూర్చున్నాడు. "బావా, గింత అగ్గువనా? కామారెడ్డిలనే గిట్లుంటే మెదక్ దిక్కు తీస్కపోయి అమ్మితే ఎంతొస్తది?"

కామారెడ్డి బెల్లం పేరు విననివాళ్లు ఈ చుట్టుపక్కల లేరు. నాకూ తెలుసు. అయినా ఆ అంకె చెప్పాను, అదే నా కథకు ఉరితాడయింది. మాంత్రికుడు వానలు బంధించాడు గనక చెరుకు ఎండుతుంది, చెరుకు ఎండితే బెల్లం ధర పెరుగుతుంది, కాబట్టి ఇప్పుడే కొని నిల్వ పెట్టాలని మా కొడుకు తేల్చాడు. ఐదు చదివే పిల్లవాడు! నా విలన్ వాళ్ల వ్యాపారానికి కలిసొచ్చాడు. వాణ్ణి చంపే తొందర ఎవరికీ లేదు.

నేను బతిమాలాను. దోమకొండ పోదామన్నాను. పోరు. అప్పుడు ఒక ఉపాయం పన్నాను. వాళ్లు ఎటు పోయినా ఎదురుగా దోమకొండ వచ్చేట్టు చేస్తే సరి. ఈ ఆటలో ఆరితేరినవాళ్లు ఇట్లాంటి పనిని రైలు పట్టాల మీద నడపడం అంటారు, తిట్టుగా. ఆటగాళ్లు ఏ పెట్టెలో కూర్చున్నా, కిటికీలోంచి ఎటు చూసినా, బండి మాత్రం ముందే రాసిపెట్టిన స్టేషన్‌కే పోతుంది. కామారెడ్డివాణ్ణి, సికింద్రాబాద్ మన్మాడ్ లైను మీద పుట్టి పెరిగినవాణ్ణి, నాకందులో తప్పేమీ కనిపించలేదు. కానీ మా అత్తగారి ఊరికి రైలు లేదు.

"బాన్సువాడ దిక్కు పోతున్నం" అన్నాడు బామ్మర్ది.

"రెండు రోజులు నడిచాక దూరంగా ఒక కోట బురుజులు కనిపించాయి. దోమకొండ!"

"బావా, బాన్సువాడ పడమట గాదు? తూర్పున ఉన్న దోమకొండ గాడికెట్ల వచ్చింది?"

"మాయ" అన్నాను.

"మాయనా, నీకు దారి తెల్వదా?"

అత్తమ్మతో వచ్చిన పేచీ ఇంకో రకం. ఆమె పాత్రకు ఎల్లారెడ్డి పక్కన రెండెకరాల పొలం ఉంది. ఆ పొలానికి పోచారం కాలువ నీళ్లు వస్తాయంది. కథ జరిగే కాలానికి పోచారం ప్రాజెక్టు లేదని ఓపిగ్గా వివరించాను. అది నిజాం జమానాలో కట్టింది, 1922లో పూర్తయింది, మన కథ అంతకు మూడొందల ఏళ్ల ముందుది. గేమ్ మాస్టర్‌గా కాలం నా చేతిలో ఉంది, చరిత్ర కూడా నా పక్కనే ఉంది. ఇంతకన్నా బలం ఎవరికుంటుంది?

ఆమె అంతా విని, "మరి నా పొలానికి నీళ్లెట్ల?" అంది.

"వానలు, అత్తమ్మా."

"వానలను నువ్వే కుండలల్ల పెట్టిస్తివి గాదు?"

పోచారం చెరువు మూడొందల ఏళ్లు వెనక్కి జరిగింది.

ఆమె దగ్గర ఇంకో ఆయుధం కూడా ఉంది. మన ఇళ్లలో కథ వినేవాళ్లు ఊ కొట్టాలి. ఊ కొట్టకపోతే చెప్పేవాడు ముందుకు పోలేడు. చిన్నప్పుడు ఊ కొట్టడమంటే నిద్రపోలేదని చెప్పడానికే అనుకునేవాణ్ణి. అది అనుమతి అని, దాన్ని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చని అత్తమ్మ దగ్గరే తెలిసింది. కాలదండుడి నేలమాళిగను నేను వర్ణిస్తుంటే ఆమె ఊ కొట్టదు. గోడ వైపు చూస్తూ వక్క నములుతుంది. బెల్లం బండి బురదలో దిగబడిందంటే "ఊఁ" అంటుంది, ఒళ్లు ముందుకు వంచుతుంది. ఇక కథ ఎటు పోతుందో మీరే చెప్పండి. బుర్రకథలో కథకుడికి పక్కన రెండు వంతలుంటాయి, ఒకటి హాస్యానికి, ఒకటి రాజకీయానికి. కథకుణ్ణి మధ్యలో ఆపి అడ్డదిడ్డంగా అడిగే హక్కు వాళ్లకు పుట్టుకతోనే ఉంది. హాస్యానికి మా బామ్మర్ది ఉండనే ఉన్నాడు. రాజకీయం మా బిడ్డ తీసుకుంది.

బిడ్డకు నియమాల పిచ్చి. పుస్తకం నాకన్నా ముందే చదివేసింది. ఒకసారి ఆమె పాత్ర బురుజు మీద నుంచి కందకంలోకి దూకింది. ఆ కందకం దాటితే నా పదిహేను పేజీలు వృథా అవుతాయి. "కందకంలో మొసళ్లున్నాయి" అన్నాను.

"డాడీ, మొసళ్లు నేను దూకక ముందు ఉన్నయా, దూకినంక వచ్చినయా?"

నాకు సభాపర్వం గుర్తొచ్చి చెమట పట్టింది. ద్రౌపదిని సభకు తెమ్మని పంపితే ఆమె అడిగి పంపిందీ ఇట్లాంటిదే. రాజు మొదట ఓడింది తననా, నన్నా? ముందు తానే ఓడిపోయి దాసుడైనవాడికి ఇంకొకరిని పందెం ఒడ్డే హక్కు ఎక్కడిది? దాన్ని భార్య ఆక్రోశంగానే మనం వింటూ వచ్చాం గానీ, ఆట తెలిసినవాళ్లు చూస్తే అది నిఖార్సయిన నియమాల ప్రశ్న. సభలో ఉన్న పెద్దలందరిలోకీ పెద్ద అంపైర్ భీష్ముడు. ఆయన ధర్మం సూక్ష్మమైనదన్నాడు, తేల్చలేదు. అసలు అంతకు ముందే ధర్మరాజు ఒక అభ్యంతరం చెప్పి ఉన్నాడు, దుర్యోధనుడి బదులు శకుని పాచికలు వేయడమేమిటని. వింతగా ఉందన్నాడు, మళ్లీ కూర్చుని ఆడాడు. ఆట నడిపేవాడే ఒక పక్షం మనిషైనప్పుడు లేచి వెళ్లిపోవడం తప్ప ఇంకో నియమం పనికిరాదని నా అభిప్రాయం. కానీ ఆ రోజు ఆట నడిపేవాణ్ణి నేను. కాబట్టి నేనూ భీష్ముడి దారే పట్టాను. "అది చాలా సూక్ష్మమైన విషయం బిడ్డా" అన్నాను. మొసళ్లను వెనక్కి పిలిపించుకున్నాను.

ఇక బీరువా సంగతి. గేమ్ మాస్టర్ తన పాచికలు, కాగితాలు కనబడకుండా ఎదురుగా ఒక అడ్డం పెట్టుకుంటాడు. నేను మా పెళ్లి ఆల్బమ్‌ను పెట్టుకున్నాను, పెద్దది, అట్ట గట్టిది. దాని వెనకాల పాచిక వేసి, పడిన అంకె కాకుండా నా కథకు కావలసిన అంకె చెప్పేవాణ్ణి. దీనికి నా దగ్గర శాస్త్రం ఉంది. పాచికలను పక్కన పెట్టే హక్కు ఆట నడిపేవాడికుందని సాక్షాత్తూ గైగాక్సే 1979లో మాస్టర్ల కోసం వేసిన గైడ్‌లో రాశాడు. అంతకన్నా పాత శాస్త్రమూ ఉంది. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా సైనికుడు యుద్ధాన్ని బల్ల మీద ఆడించే ఆట ఒకటి అధికారుల శిక్షణ కోసం పకడ్బందీగా తయారుచేశాడు. పాచికలు, పట్టికలు, మధ్యలో అంపైర్. పట్టికలతో విసిగిపోయి, 1876లో వెర్డీ అనే ఇంకో ప్రష్యా అధికారి ఇవన్నీ తీసేయండి, అనుభవమున్న అంపైర్ మాట చాలు అన్నాడు. వెర్డీ పేరు మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆయనకు ఎల్లారెడ్డి బామ్మర్ది లేడు.

నా కాలదండుడికి వరసగా ఇరవైలు పడుతున్నాయి. ఒకసారి ఇరవై పడే అవకాశం నూటికి ఐదు. వెంటవెంట మూడుసార్లు పడాలంటే ఎనిమిది వేలకు ఒకటి. ఈ లెక్కను ఏటా పదో తరగతికి చెప్పేది నేనే. మా ఇంటామె మాత్రం ఏమీ అనకుండా, నాకెదురుగా కూర్చుని, చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఆడుతుండేది. చాలా వారాల తర్వాత ఒక ఆదివారం మూడో ఇరవై చెప్పబోతుంటే ఆమె నెమ్మదిగా అంది, "నాలుగు వడ్డది."

"ఏంటి?"

"ఇరవై గాదు, నాలుగు. ఇందాకటిది తొమ్మిది. పోయిన ఆదివారం ఆఖరిది రెండు."

వెనక్కి తిరిగి చూశాను. బీరువా అద్దంలో నా వీపు, ఆల్బమ్, దాని వెనక పాచిక, పాచిక మీద అంకె, అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి. ఎల్లారెడ్డి బీరువా మొదటి రోజు నుంచీ ఎల్లారెడ్డి పక్షానే ఉంది.

"మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?"

"మస్తు మురుస్తున్నవ్ గదా అని."

ఇంతకన్నా పెద్ద దెబ్బ ఏ మాంత్రికుడూ కొట్టలేడు. పాచిక తిప్పేవాడు ఆటగాళ్ల ఆనందం కోసమే తిప్పానని చెప్పుకుంటాడు. నేనూ చెప్పుకున్నాను. నిజానికి వాడు తన ఒకటిన్నర పేజీ డైలాగును కాపాడుకోవడానికే తిప్పుతాడు.

ఆ రాత్రి ఓదార్పు కోసం ఈ ఆట పుట్టుక గురించి చదువుతూ కూర్చున్నాను. డేవ్ వెస్లీ అనే ఆయన దొరికాడు. ఈయన అమెరికాలో మిన్నెసోటా మనిషి. 1969 ప్రాంతంలో దోస్తులను పిలిచి, నెపోలియన్ కాలం నాటి ఒక ఊహా పట్టణంలో ఆట పెట్టాడు. ఒక్కొక్కరికి ఒక్కో పాత్ర, ఒక్కో గుట్టు లక్ష్యం ఇచ్చాడు. తర్వాత సైన్యాలు వస్తాయి, యుద్ధం జరుగుతుంది, అదీ ఆయన పథకం. దోస్తులు యుద్ధం దాకా రానే లేదు. మూలమూలలకూ పోయి గుసగుసలాడుకున్నారు, కుట్రలు చేశారు, ఇద్దరైతే ద్వంద్వయుద్ధానికి సవాలు విసురుకున్నారు. ఆట చేయి దాటిపోయిందని, అంతా చెడిపోయిందని వెస్లీ కుంగిపోయాడు. మళ్లీ ఎప్పుడు పెడతావని దోస్తులు ఆయన్ని వదల్లేదు. వాళ్లలో ఒకడు పైన చెప్పిన ఆర్నెసన్. ఇప్పుడు ప్రపంచమంతా ఆడుతున్న ఆట, ఒక మాస్టరు పథకం పాడయిన రోజు నుంచి మొలిచింది. చదివి కాసేపు ఊరటపడ్డాను. తర్వాత తట్టింది, వెస్లీ దోస్తులు కనీసం కుట్రలు చేశారు. నావాళ్లు బెల్లం అమ్ముతున్నారు.

అయినా కామారెడ్డిలో ఉండి ఈ పాఠం నాకు కొత్తగా తెలియాలా? 2023 అసెంబ్లీ ఎన్నికల్లో మా ఊరికి ఇద్దరు మహా కథకులు వచ్చారు. ఒకరు అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, ఇంకొకరు కాబోయే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి. ఒకరు గజ్వేల్‌లో, ఇంకొకరు కొడంగల్‌లో కూడా పోటీ చేస్తూ వచ్చారు. రాష్ట్రమంతా రెండు తలుపులే చూసింది, ఈయనా ఆయనా అని. డిసెంబరు 3న లెక్క తేలితే గెలిచింది బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి, 6,741 ఓట్ల తేడాతో. కేసీఆర్ రెండో స్థానం, రేవంత్ మూడో స్థానం. ఎవరిది ఏ పార్టీ అన్నది నా గొడవ కాదు. రెండు తలుపులు చూపిస్తే గోడకు కన్నం వేసే రకం మా జనమని మాత్రం మనవి చేస్తున్నాను. ఆ ఏడే జనవరిలో మున్సిపాలిటీ మాస్టర్ ప్లాన్ ముసాయిదాలో తమ పొలాలు ఇండస్ట్రియల్ జోన్‌లో పడ్డాయని రైతులు రోడ్డెక్కితే, చివరికి కౌన్సిల్ ఆ ముసాయిదాను వెనక్కి తీసుకుంది. అది నవ్వులాట కాదు కనుక ఇక్కడితో ఆపుతాను.

కాలదండుడి గతి చెప్పలేదు కదూ. నేనే కాళ్లావేళ్లా పడి వాళ్లను దోమకొండ నేలమాళిగకు తీసుకుపోయాను. మాంత్రికుడు లేచాడు. ఒకటిన్నర పేజీలో మొదటి వాక్యం మొదలుపెట్టాడు. "ఆగరాదు అన్నా" అన్నాడు బామ్మర్ది. "ఇన్నేండ్ల సంది ఏ కుండల ఎంత వాన ఉందో లెక్క రాస్తున్నవ్ గదా. మా మండీల గుమస్తా లేడు. వస్తవా?"

పాచిక వేశారు. ఈసారి నేలమీద, అందరి ముందు. పంతొమ్మిది.

"జీతం ఎంత?" అని అడిగాడు కాలదండుడు. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది, ఎక్కడా రాసిపెట్టుకోలేదు. అత్తమ్మ "ఊఁ" అంది. ఎన్ని ఆదివారాల ఎదురుచూపో ఆ ఊఁ.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఇరవై ముఖాల పాచిక బీరువా కిందకు దొర్లి మాయమైంది. ఎవరు దొర్లించారో నేను విచారించలేదు. దాని బదులు అత్తమ్మ అష్టాచెమ్మ గవ్వలు తెచ్చింది. నాలుగు గవ్వలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గవ్వ అటూ ఇటూ సమానంగా పడుతుందనుకుంటే ఒక్కొక్కదానికి పదహారులో ఒక వంతు అవకాశం, మిగతా అంకెలే ఎక్కువగా వస్తాయి. ఇరవై ముఖాల పాచికలో అన్ని అంకెలకూ సమానమైన అవకాశం. గవ్వలతో అట్లా కాదని బోర్డు తెచ్చి వివరించబోయాను. "గవ్వకు లెక్కలు రావు, వెయ్యనియ్యి" అంది మా ఇంటామె. గవ్వలు ఆమె చేతిలో ఉన్నాయి. అప్పటి నుంచి ఆమే మాస్టరు. ఎన్నిక జరిగినట్టు నాకు గుర్తు లేదు.

ఆమె అంగన్‌వాడీ టీచరు. మూడేళ్ల పిల్లలకు కథ చెప్పి, కుందేలు విమానం ఎక్కాలని ఒకడు, సింహానికి జ్వరం రావాలని ఒకడు పట్టుబడితే ఇద్దరినీ సముదాయించి అన్నం తినిపించిన మనిషి. ఆమె దగ్గర నోట్‌బుక్ లేదు. మొదటి రోజు మా కొడుకు బావిలోకి తొంగి చూస్తానన్నాడు. నేనైతే బావి గురించి అరపేజీ చదివేవాణ్ణి. ఆమె అంది, "నీకు బాయి అంటే భయం గదా. ఎందుకు భయం? చిన్నప్పుడు ఏమైంది?" వాడు కళ్లు పెద్దవి చేసి, బావిలో తన తమ్ముడు పడ్డాడని, ఇప్పటికీ పిలుస్తాడని చెప్పాడు. వాడికి తమ్ముడే లేడు. రేకుల గదిలో అందరికీ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

నేను పరుగెత్తుకుంటూ పుస్తకం తెచ్చాను. విన్సెంట్ బేకర్ అనే ఆయన 2010లో అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట రాశాడు. అందులో మాస్టరు పాచికలే వేయడు, కథ ముందే అల్లుకోడు, ఆటగాళ్లను ప్రశ్నలడిగి ఆ జవాబులతోనే లోకం కడతాడు. ఎంతో పేరొచ్చిన పద్ధతి అది, నువ్వు చేస్తున్నదీ అదే అని చెప్పాను.

"ఎవలాయన? మన దిక్కాయననా?"

"అమెరికా."

"ఆయన కూడా అంగన్‌వాడీల చేసిండా?"

అసలు మాస్టరే లేకుండా ఆడే ఆటలూ ఉన్నాయి. 2009లో వచ్చిన ఫియాస్కో అట్లాంటిదే, అందరూ కలిసి కథ నడుపుతారు. అందరూ పల్లకి ఎక్కితే మోసేవారెవరని నాకు దాని మీద అంత నమ్మకం లేదు. మా ఇంటామె పద్ధతిలో పల్లకి కనబడదు గానీ మోసేది ఆమే. బావిలో ఏముందో మమ్మల్ని చెప్పనిస్తుంది. బావిలోకి దిగితే ఏమవుతుందో మాత్రం తానే చెప్తుంది, జాలి లేకుండా చెప్తుంది. గవ్వలు స్టీలు పళ్లెంలో అందరి ముందే వేస్తుంది, పడింది పడినట్టే. నాలాంటి మెత్తని నియంతల కన్నా ఇదే భయంకరం.

ఆటగాడిగా నేను ఎట్లాంటివాణ్ణో ఇక దాచి లాభం లేదు. ఇంత నసపెట్టే ఆటగాడు ఇంకొకడు ఉండడు. నా పాత్ర ఒక కొత్వాలు. "ఇప్పుడు ఏం జేస్తవ్?" అని ఆమె అడిగితే ఏం చేయాలో తోచదు, ఎవరైనా దారి చూపిస్తే బాగుండుననిపిస్తుంది. ఎటు పోతే కథ ఉందని గుసగుసగా అడిగితే "నాకేం తెలుసు, నువ్వు పోతే ఆడ ఉంటది" అంటుంది. ఓడిపోతే పుస్తకం తీసి పేజీ చూపిస్తాను. "ఈ ఒక్కసారికి గవ్వలు అడ్జస్ట్ చెయ్యరాదూ" అని కూడా అడిగాను, నేను, పాచికల చట్టానికి పాతికేళ్ల పంతుల్ని. ఆమె అద్దం వైపు చూసింది. పిల్లలు పగలబడి నవ్వారు.

పోయినసారి కొత్వాలు సుంకం కోసం మండీ మీద దాడి చేయబోయాడు. రెండు పడింది. ఉద్యోగం ఊడింది, గుర్రం పోయింది, తలపాగా వేలంలో అత్తమ్మ కొనుక్కుంది. ఇప్పుడు అదే మండీలో కాలదండుడి కింద సహాయ గుమస్తాగా బెల్లం దిమ్మెలు లెక్కపెడుతున్నాడు, నెలకు నాలుగు వరహాలు. లెక్కల సారు పాత్రకు ఆ జీతం అన్యాయమని, పెంచమని అర్జీ పెట్టుకున్నాను. కాలదండుణ్ణి అడిగి చెప్తానంది.